ఉప్పు కడియం

నది ఒడ్డున ఒక సత్రం ఉండేది. అందులో ఒక పొయ్యి, ఒక వంటమనిషి, గోడ నిండా చిలకకొయ్యలు.

పొద్దున్నే ఎగువ నుంచి పడవ వచ్చి ఆ రేవులో ఆగేది. అవతలి గట్టు మీదున్న నల్లరాతిని ఎండ తాకేసరికి మళ్ళీ బయలుదేరేది. ఆపైన కొండల మధ్య ఇరుకు దారి. చీకటి పడేదాకా పడవ ఆగడానికి చోటు లేదు. కాబట్టి ప్రయాణికులు తిన్నా ఆ సత్రంలోనే తినాలి, పస్తున్నా ఆ సత్రం పేరు చెప్పుకునే ఉండాలి.

కొయ్యల సంగతి కూడా చెప్పాలి. ఒక్కో కొయ్యకు ఒక్కో ఇత్తడి కడియం వేలాడేది. ఉప్పు జాడీకి ఒకటి, కారానికి ఒకటి, చింతపండు కుండకు ఒకటి, కత్తిపీటకు, గరిటెకు, నీళ్ళ గోళేనికి, చివరికి పొయ్యికి కూడా ఒకటి. ఏది ముట్టుకోవాలన్నా ముందు దాని కడియం తీసి చేతికి వేసుకోవాలి. “ఉప్పు నా చేతిలో” అని నలుగురికీ వినబడేలా చెప్పాలి. దగ్గరున్నవాళ్ళు “విన్నాం” అనాలి. ఎవరూ పలకకపోతే రెండోసారి చెప్పాలి, మూడోసారి చెప్పాలి, అప్పుడే జాడీ మూత తీయాలి. పని కాగానే కడియం కొయ్యకు తగిలించాలి.

కొయ్య ఖాళీగా ఉంటే మాత్రం దాని కింద పీట మీద కూర్చోవాలి. చేతులు కట్టుకోవాలి. కడియం తిరిగొచ్చేదాకా మరో పని ముట్టుకోకూడదు.

ఈ కట్టుబాటు పుట్టింది సత్రంలో కాదు, రాజధానిలో. రాజుగారి వంటశాల ఒక వీధంత పొడవు ఉండేది. అందులో ఎంతమంది వండుతారో వాళ్ళకే తెలియదు. ఒకప్పుడు అక్కడ ఏ కట్టుబాటూ లేదు. పులుసులో ఒకడు ఉప్పు వేసి పోతే ఇంకొకడు వచ్చి మళ్ళీ వేసేవాడు. మూడోవాడు రుచి చూసి ఇద్దరినీ తిట్టేవాడు. అంతవరకు నవ్వుకునే సంగతే. ఒక పెళ్ళి వంటలో మాత్రం ఒకే గుండిగ మీద ఇద్దరు చేతులు వేశారు. ఒకడు దించబోయాడు, ఒకడు కలపబోయాడు. గుండిగ ఒరిగింది. మరుగుతున్న పప్పు పక్కన కూరలు తరుగుతున్న ఒక పిల్ల చేతి మీద పడింది.

ఆ పిల్లే ఈ వంటమనిషి.

ఆమె మోచేతి నుంచి భుజం దాకా చర్మం మాని, నున్నగా, మెరుస్తూ మిగిలింది. దానికి స్పర్శ లేదు. ఈగ వాలినా తెలియదు, నిప్పురవ్వ పడినా తెలియదు. పెద్ద వంటవాడు ఆ చేతిని చూసి నాలుగు రోజులు అన్నం తినలేదని అంటారు. ఆ తర్వాత కంసాలిని పిలిపించి కడియాలు పోయించాడు. అప్పట్నించీ ఆ వంటశాలలో ఎవరి చెయ్యీ కాలలేదు. పులుసులో ఉప్పు రెండుసార్లు పడలేదు. వంటవాళ్ళు ఒకరినొకరు తిట్టుకోవడం కూడా తగ్గింది, అది అన్నిటికన్నా వింత.

రాజుగారు ఇది విని సంతోషించి, రాజ్యంలో ప్రతి వంటింటికీ ఇదే కట్టుబాటు అన్నారు. వంటవాళ్ళను ఇక్కడినుంచి అక్కడికి మారుస్తూ ఉంటారు కదా, ఎక్కడికి పోయినా పద్ధతి ఒకటే ఉండాలన్నారు. మాటలో తప్పేమీ లేదు.

వయసు మళ్ళి, పెద్ద గుండిగ ఎత్తలేక, ఆమె రేవులో ఉన్న సత్రానికి వచ్చింది. వచ్చేటప్పటికే గోడకు కొయ్యలు కొట్టి ఉన్నాయి. వాటిని చూసి ఆమెకు ధైర్యం కలిగింది. తన చేతి మీద పుట్టిన కట్టుబాటు తనకన్నా ముందే అక్కడికి చేరింది.

ఒక్క మనిషి ఉన్న వంటింట్లో అది ఎలా నడిచేదంటే, ఆమె చింతపండు కడియం తీసుకునేది. “చింతపండు నా చేతిలో” అని ఖాళీ గదికి చెప్పేది. చెవి ఒగ్గి ఆగేది. మళ్ళీ చెప్పేది. మళ్ళీ ఆగేది. మూడోసారి చెప్పి, కుండలో చెయ్యి పెట్టి, నిమ్మకాయంత చింతపండు తీసుకుని, గోడ దాకా నడిచి కడియం తగిలించి, అక్కడినుంచి కారం కడియానికి పోయేది. పులుసు కాచడానికి పట్టేంతసేపూ పట్టేది, కాస్తున్నానని గోడకు విన్నవించుకోవడానికి అంతకు రెట్టింపు పట్టేది.

కడియం కాలిన చేతికే వేసుకునేది, ముంజేతికి అది వదులు. గిన్నె అంచుకు తగిలి గలగలమంటుందని దాన్ని మోచేతి పైకి నెట్టుకునేది. అక్కడ బిగిసి నిలబడేది. దాని మీద పైట పడేది.

ఆమె అలసట వంటది కాదు, నడకది. సాయంత్రానికి పిక్కలు పీకేవి. చూస్తే వండింది ఒక అన్నం, ఒక పులుసు.

పడవ నడిపే సరంగుకు నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. గుమ్మంలో నిలబడి, “అక్కా, ఆ గోడకు రోజూ ఇన్ని ప్రదక్షిణలు చేస్తున్నావు, ఏం మొక్కుకున్నావు?” అనేవాడు. ఇంకోరోజు, “లోపల ఎవరితోనో మాట్లాడుతున్నావు, మాకూ చూపించరాదా?” అనేవాడు. అరుగు మీద ఆకులు వేసుకుని కూర్చున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు. విస్తట్లో అన్నం పెడుతూ, “తొందరగా తిను, నీ పడవ నిన్ను వదిలి పోతుంది” అనేది.

“నా పడవ నన్నొదిలి ఎక్కడికీ పోదు. నీ పులుసే మమ్మల్ని వదిలేసి ఇక్కడ ఉండిపోతోంది” అనేవాడు సరంగు.

అది నిజం. అన్నం వడ్డించేసరికి నల్లరాతి మీద ఎండ పడేది. పులుసు పొయ్యి మీదే ఉండేది. జనం ఉత్త అన్నం నాలుగు ముద్దలు మింగి, చేతులు తుడుచుకుంటూ పడవెక్కేవాళ్ళు.

ఒకరోజు సరంగు వేళాకోళం మాని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఎగువన ఇంకో రేవు ఉందనీ, అక్కడ ఒకామె ఉడకబెట్టిన చిలగడదుంపలు అమ్ముతోందనీ చెప్పాడు. ఇక్కడ కాకుండా అక్కడ ఆపమని జనం అడుగుతున్నారట. తాను పాత అలవాటు కొద్దీ ఇటు తిప్పుతున్నాడట. వానలు వెలిశాక ఇంక తన మాట చెల్లదట. పడవ ఆగని రేవుకు సత్రం ఎందుకని అతను అనలేదు. అననక్కర్లేదు కూడా. రాజధానిలో గుండిగ ఎత్తలేని చేతికి చోటు లేదు. ఈ పొయ్యి ఆరితే ఆమె రాజేసుకోవడానికి ఇంకో పొయ్యి లేదు.

“ఆ కడియాలు తీసి ఏట్లో పారెయ్యక్కా” అన్నాడు సరంగు.

ఆమె పైట తొలగించి భుజం చూపించింది. మళ్ళీ కప్పుకుంది. అది వాదన కాదు. అయినా సరంగు లేచి పడవ వైపు పోయాడు.

వానలు ఇంకా వెలవలేదు. ఒక పొద్దున పడవలోంచి ఒక మనిషిని మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. అతను గొంగళ్ళు అమ్ముకునేవాడు. వాంతులూ విరేచనాలూ పట్టుకుని ఒంట్లో నీరంతా పోయింది. కళ్ళు లోపలికి పోయాయి. గిల్లితే చర్మం గిల్లినట్టే నిలబడుతోంది. సరంగు గుమ్మంలోంచి, “అక్కా, గంజిలో ఉప్పేసి తీసుకురా, తొందరగా” అని, తలకింద పెట్టడానికి గొంగళి మడవడానికి పోయాడు.

అప్పటికి ఆమె పులుసు దగ్గర ఉంది. ఉప్పు కడియం తీసుకుంది. మూడుసార్లు చెప్పడం కూడా అయింది. చెయ్యి జాడీ మీదికి పోతోంది.

ప్రాణం మీదికి వస్తే చేతిలో పని ఉన్నపళాన వదిలి పోవాలని కట్టుబాటులోనే ఉంది. పెద్ద వంటశాలలో వదిలిన పనిని పక్కవాళ్ళు అందుకునేవాళ్ళు. ఆమె వదిలి పోయింది. అన్నం వార్చిన గంజి ముంతలో పోసింది. ఉప్పు కోసం గోడ దగ్గరకు వచ్చింది.

ఉప్పు కొయ్య ఖాళీగా ఉంది.

ఖాళీ కొయ్యను చూడగానే ఆమె కాళ్ళు వాటంతటవే ఆగాయి. “ఉప్పు ఎవరి చేతిలో?” అని అడిగింది. జవాబు రాలేదు. పీట మీద కూర్చుంది. ముంత పక్కన పెట్టి చేతులు కట్టుకుంది.

ఆమెకది వింతగా తోచలేదు. జీవితంలో లెక్కలేనన్నిసార్లు అలా కూర్చుంది. ప్రతిసారీ ఎవరో పని ముగించుకుని వచ్చి కడియం తగిలించారు. ఈసారీ వస్తారు. ఎవరో పెద్ద పనిలో ఉండి ఉంటారు. అనుకుంటూనే మధ్యమధ్య పిలిచింది. బయట గొంగళ్ళవాడి మూలుగు సన్నబడింది. ముంతలో గంజి మీద మీగడలా తెట్టు కట్టింది. పులుసు ఇగిరి అడుగంటింది. ఆ వాసన ఆమెకు తెలుస్తూనే ఉంది. లేచి గరిటె పట్టుకుంటే కట్టుబాటు తప్పినట్టు. లేవలేదు.

సరంగు లోపలికి వచ్చాడు.

“ఏం చేస్తున్నావక్కా?”

“ఉప్పు కోసం చూస్తున్నాను. ఎవరో తీసుకున్నారు.”

అతను వంటింటి నాలుగు మూలలూ చూశాడు. “ఎవరు తీసుకున్నారు?”

ఆమె ఖాళీ కొయ్య చూపించింది. సరంగు వంగి ఆమె పైట చెంగు పక్కకు తీసి, ఆమె మోచేతి పైనే ఉన్న ఉప్పు కడియాన్ని గోటితో కొట్టాడు. అది మోగింది. ఆ మోత ఆమె విన్నది. చేతికి మాత్రం ఏమీ తెలియలేదు.

అతను చిటికెడు ఉప్పు తీసి ముంతలో వేసుకుని బయటికి పరిగెత్తాడు. కడియం లేదు, పిలుపు లేదు. ఆమె పీట మీదే ఉండిపోయింది.

గొంగళ్ళవాడు బతికాడు, అంచు దాకా పోయి వచ్చాడు. ఆ రోజు పడవలో ఎవరూ పులుసు తినలేదు, మాడింది కాబట్టి. ఆ తర్వాత సరంగు ఆమెను వేళాకోళం చేయడం మానేశాడు. ఆమెకు అది ఎక్కువ బాధగా ఉండేది.

వానలు వెలిసే రోజుల్లో వంటశాలల అధికారి వచ్చాడు. రాజ్యమంతా తిరిగి కడియాలు తోమి ఉన్నాయా, కొయ్యలు గట్టిగా ఉన్నాయా అని చూడడం అతని పని. కాళ్ళకు దుమ్ము, కళ్ళ కింద నలుపు. అతను అడగకముందే ఆమె జరిగింది చెప్పింది, తనను తాను వెనకేసుకు రాకుండా చెప్పింది. అతను కోప్పడలేదు. ఇలాంటివి ఇంకో రెండు మూడు చోట్ల కూడా విన్నానన్నాడు. అయినా చేయగలిగింది లేదన్నాడు.

“నీకో కట్టుబాటు, పై ఊరికి ఇంకొకటి రాశాననుకో. ఇక్కడ చేతులు అలవాటైనవాళ్ళు రేపు రాజధానికి వస్తారు. గోడవైపు చూడకుండా గుండిగ మీద చెయ్యేస్తారు. ఇంకో పిల్ల చెయ్యి కాలుతుంది. నీకు నేను చెప్పాలా అమ్మా?”

“అక్కర్లేదు బాబుగారూ.” ఆమె అతనికి విస్తరి వేసింది. “నా చెయ్యి కాలింది ఇద్దరు ఉండబట్టి. ఇక్కడ ఒక్కదాన్నే ఉన్నాను. ఇక్కడ నాకోసం నేనే కాచుకుని కూర్చున్నాను.”

ఆమె వంట మొదలుపెట్టింది. అతను విస్తరి ముందు కూర్చుని చూశాడు. చింతపండు కోసం గోడకు, గోడ నుంచి కుండకు, కుండ నుంచి గోడకు. ఖాళీ గదిలో ఆమె పిలుపు, తర్వాత ఆ కాసేపు ఆగడం. పిలిచిన ప్రతిసారీ అతను తెలియకుండానే గుమ్మం వైపు చూశాడు. అతని విస్తట్లో అన్నం చల్లారింది.

“రెండో మనిషి లేరని నీకెలా తెలుసు?” అని అడిగాడు చివరికి.

“పిలుస్తున్నాను కదా. వచ్చిన రోజు నుంచీ పిలుస్తూనే ఉన్నాను.”

“రోజుకు ఒక్కసారి పిలిస్తే తెలియదా?”

ఆమె గరిటె ఆపింది.

మర్నాడు అధికారి రేవులోని వడ్రంగిని పిలిపించి, కొయ్యలన్నీ ఊడదీయించి ఒకే పలకకు బిగించి, ఆ పలకను గోడకు తలుపులా తిరిగేలా పెట్టించాడు. పొయ్యి రాజేసే ముందు గుమ్మంలో నిలబడి ఒక్కసారి పిలవాలి. ఎవరైనా పలికితే కొయ్యలు ఇటు. ఎవరూ పలకకపోతే పలక తిప్పెయ్యాలి, కొయ్యలు గోడవైపు. ఆ రోజంతా కడియం లేదు, పిలుపు లేదు, పీట లేదు. ఇది రెండు కట్టుబాట్లు కాదు, ఒకటే, రాజధానిలో కూడా ఇదే చెబుతానన్నాడు. అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు పలుకుతారు కాబట్టి అక్కడ ఏమీ మారదు.

మొదట్లో ఆమె కాళ్ళు పాత దారినే పోయేవి. చింతపండు చేతిలో పట్టుకుని నున్నటి పలక ముందు నిలబడేది. ఎందుకొచ్చిందో గుర్తొచ్చి వెనక్కి తిరిగేది. ఉప్పు జాడీ మూత తీసేటప్పుడు పాత పిలుపు పెదవుల దాకా వచ్చేది. మింగేసేది. చేతులు కాళ్ళకన్నా ముందు నేర్చుకున్నాయి. కొన్నాళ్ళకు కాళ్ళూ నేర్చుకున్నాయి.

నల్లరాతి మీద ఎండ పడేసరికి జనం చేతులు కడుక్కుని, తాంబూలం నములుతూ, సరంగు కోసం చూడడం మొదలైంది. పులుసుకు తోడు ఒక పచ్చడి వచ్చింది. పచ్చడి తర్వాత మజ్జిగ వచ్చింది. సరంగుకు నోరు తిరిగొచ్చింది. “అక్కా, తిండి ఎక్కువై నా పడవ మునిగేలా ఉంది” అన్నాడు.

చిలగడదుంపల రేవు మాట ఎవరూ ఎత్తలేదు. దిగువ నుంచి వచ్చే పడవ కూడా ఇక్కడే ఆగసాగింది. తర్వాత బండ్లవాళ్ళు దారి మార్చుకుని ఇటు రావడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆమెకు అలసట నడక వల్ల కాదు, వంట వల్లే. పొద్దున వంచిన నడుము ఎండ తిరిగేదాకా ఎత్తేది కాదు. పొయ్యి ఒకటే. చేతులు రెండే. ఎవరికోసమూ ఆగే పని లేదు కాబట్టి ఎక్కడా ఆగేది కాదు. పీటను ఎప్పుడో పొయ్యి వెనక్కి తోసేసింది. దాని మీద బూడిద చేరింది.

పొద్దున పిలుపు మాత్రం మానలేదు. గుమ్మంలో నిలబడి, “ఎవరైనా ఉన్నారా?” అనేది. ఎవరూ ఉండేవారు కాదు. ఒక్కోసారి దూలం మీద బల్లి పలికేది. “నువ్వు లెక్కలోకి రావు” అని దానికి చెప్పి పలక తిప్పేది.

మంచు పడే కాలంలో ఒక పొద్దున ఆమె గుమ్మంలో నిలబడి అడిగింది.

“ఉన్నాను పిన్నీ” అంది ఒక గొంతు.

అరుగు చివర ఒక మనిషి మూట పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. పెద్ద భుజాలు, కాయలు కాచిన చేతులు. సత్రంలో జనం పెరిగారని విని అధికారి పంపాడట. రాజధాని వంటశాలలో చేసిందట. తెల్లవారుజామున దిగువ నుంచి వచ్చిన పడవ దిగి, లేపడం ఎందుకని ఇక్కడే కూర్చుందట.

వంటమనిషి ఆమె మూట అందుకుంది. తర్వాత లోపలికి పోయి పలక ఇటు తిప్పింది. కడియాలు చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. ఇద్దరూ కూర్చుని చింతపండు రాసి తోమారు. అక్కడే కొంత పొద్దు పోయింది. తర్వాత పిలవడాలు, పలకడాలు, గోడకు నడకలు, ఒకరి కడియం కోసం ఇంకొకరు చూడడాలు మొదలయ్యాయి. నల్లరాతి మీద ఎండ పడేసరికి అన్నం అయింది, పులుసు ఇంకా మరుగుతోంది.

సరంగు గుమ్మంలోంచి తొంగిచూశాడు. “ఇదేంటక్కా, ఒక్కదానివే నయం. ఇద్దరైతే తొందరగా అవుతుందనుకున్నాను.”

“ఇద్దరైతే ఇంతే” అంది ఆమె. “కూర్చో.”

అతను గొణుక్కుంటూ పోయి కూర్చున్నాడు. పడవ ఆ రోజు కాస్త ఆగింది.

ఆమె పచ్చడిలోకి ఉప్పు కోసం గోడ దగ్గరకు పోయింది. కొయ్య ఖాళీగా ఉంది. ఆమె చెయ్యి మోచేతి పైకి పోయి తడిమి చూసుకుంది. అక్కడ ఏమీ లేదు.

“ఉప్పు నా చేతిలో” అంది పొయ్యి దగ్గర్నించి ఆ గొంతు.

“విన్నాను” అంది ఆమె.

పొయ్యి వెనక నుంచి పీట లాగి, బూడిద తుడిచి, కొయ్య కింద వేసుకుంది. కూర్చుని చేతులు కట్టుకుంది. రోజూ ఎండ తిరిగేదాకా ఎత్తని నడుము గోడకు ఆనింది. పులుసు మరిగే చప్పుడు, గరిటె తిరిగే చప్పుడు వినబడుతున్నాయి. ఆ రెండు చప్పుళ్ళూ తన చేతివి కావు.

కాసేపటికి తల పైన కడియం కొయ్యకు తగిలి మోగింది. ఆమె వెంటనే లేవలేదు.